గేటు ముందే ఆగే కోవిల్‌పట్టి బస్సు

విరుదునగర్ పక్కన, వంతెన పని చోటు
పురట్టాసి నెలాఖరు

చెల్లెలు అలమేలుకు అన్న కిట్టప్ప దీవెనలు.

ఇక్కడ నేనూ, మనవరాలు లచ్చీ, నా నోట్లో మిగిలిన పళ్ళూ బాగున్నాం. అక్కడ నువ్వు, నీ మోకాళ్ళు, నా కొడుకు గోపాలు, కోడలు, నా ఎద్దులు అందరూ బాగున్నారని తలుస్తాను. జవాబు రాసేటప్పుడు ఎద్దుల సంగతి ముందు రాయి. కొడుకు సంగతి చివర్లో చోటు మిగిలితే రాయి. చిన్నమ్మ ఇంకా అన్నం మీద అలుగుతోందా? అలుగుతుంటే బాగున్నట్టే. అలగడం మానేసిన రోజు నాకు చెప్పండి, భయపడతాను.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఊళ్ళో ఫోనున్నది టీకొట్లో. నీకు చెవుడు, నాకు తొందర. నేను గుసగుసగా చెప్పింది నువ్వు గట్టిగా తిరిగి అడుగుతావు, టీ తాగేవాళ్ళంతా జవాబు చెబుతారు. ఉత్తరమే మేలు. నాయన ఇసుకలో వేలు పట్టి దిద్దించిన తెలుగు అక్షరాలు మన ఇంట్లో మనిద్దరికే వచ్చు. గోపాలుకి తమిళం తప్ప చదవడం రాదు. అందుకని వాడి గురించి ధైర్యంగా రాస్తున్నాను. ఒత్తులు తప్పితే నవ్వుకో. చిన్నప్పుడు నీ పలక చూసి నేను నవ్వినదానికి చెల్లు.

నేను బయల్దేరేటప్పుడు ఏమన్నాను? పిల్లకు తోడుగా పోయి విత్తనాల వేళకు వచ్చేస్తానన్నాను. గోపాలు పెట్టిన షరతు నీకు తెలుసు కదా. తాత పక్కన ఉన్నంతకాలమే లచ్చీ ఈ ఇంజనీరు ఉద్యోగం చెయ్యాలి. తాత ఊరి బస్సెక్కితే అదీ పెట్టె సర్దుకుని ఎక్కాలి. నేను తల ఊపాను. చేతిలో వేడి కాఫీ ఉంటే దేనికైనా తల ఊపుతానని నీకు తెలియదా?

ఇక్కడ మా గది రేకులది. పగలు లోపల అప్పడాలు కాల్చుకోవచ్చు. పని చోటు చుట్టూ రేకుల కంచె, ముందు ఒక గేటు. కొత్త రోడ్డు వేస్తున్నారు కాబట్టి బస్సులన్నిటినీ పక్క దారిలోకి తిప్పారు. ఆ దారి సరిగ్గా మా గేటు ముందు మలుపు తిరుగుతుంది. అక్కడొక పెద్ద గుంత. దానికి భయపడి ప్రతి బస్సూ ఆగినంత పని చేస్తుంది. కండక్టరు తల బయటపెట్టి "కోవిల్‌పట్టి, కోవిల్‌పట్టి" అని నా ముఖం మీదే అరుస్తాడు. ఎక్కి కూర్చుంటే పొద్దు గుంకేలోగా మన నల్లరేగడి గట్టు మీద ఉంటాను. దుబాయి పోయినవాడికి సముద్రం అడ్డం. నాకు అడ్డం ఏముంది? గుంత ఒక్కటే. అదే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు, అలమేలూ. దూరమైతే మరిచిపోయేవాణ్ణి.

తిండికి లోటు లేదని గోపాలుకి చెప్పు. మెస్సులో అన్నం, సాంబారు. సాంబారులో ముక్క దొరికితే ఒకరికొకరు చూపించుకుంటాం. జీతం వచ్చిన రోజు లచ్చీ నన్ను ఊళ్ళోకి తీసుకుపోయి నూనెలో వేయించిన పరోటా తినిపిస్తుంది. కరకరలాడుతుంది. నా పళ్ళకు అది పరోటా కాదు, పరీక్ష. సద్ద సంకటి అడిగితే మెస్సువాడు నన్ను రోగం వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు.

లచ్చీ పని ఏమిటో ఊళ్ళో అడుగుతున్నారని రాశావు. నాకర్థమైనంత చెబుతాను. నెత్తిన పచ్చ టోపీ, కాళ్ళకు బూట్లు. మూడు కాళ్ళ గొట్టంలోంచి ఒంటి కన్నుతో చూస్తుంది, దూరంగా గీతల కర్ర పట్టుకున్నవాణ్ణి పైకి, కిందికి, పక్కకి ఆడిస్తుంది. ఇనుప కంబీలు ఎక్కడెంత దగ్గరగా కట్టారో టేపు పెట్టి కొలుస్తుంది, నచ్చకపోతే విప్పిస్తుంది. కంబీ కట్టేవాళ్ళు ముందు గొణిగేవాళ్ళు. ఇప్పుడు అది వస్తుంటే వాళ్ళే విప్పేస్తారు. పైన పోసిన కాంక్రీటులోంచి కొంచెం తీసి మైసూరుపాకు ముక్కల్లాగా చిన్న చిన్న దిమ్మలు పోయిస్తుంది. వాటిని నీళ్ళ తొట్టిలో ఊరేసి, కొన్నాళ్ళకు మిషన్లో పెట్టి నలిపేస్తారు. ఎంత బరువుకు పగిలితే వంతెనకు అంత బలమట. ఇంత కష్టపడి పోసింది పగలగొట్టడానికా అని అడిగితే, "పగలకుండా ఉండేదానికే తాతా" అంది. నాకేమీ అర్థం కాలేదు. గట్టిగా తల ఊపాను.

ఆ దిమ్మ పచ్చిగా మెత్తగా కనిపిస్తే ఊరుకోలేక బొటనవేలు పెట్టి నొక్కాను. చిన్నప్పుడు అమ్మ అలికిన అరుగు మీద పెట్టలేదూ, అట్లాగే. లచ్చీకి ఎంత కోపం వచ్చిందో! "తాతా, అది పరీక్షకు పంపేది, నీ రేషను కార్డు కాదు" అని అందరి ముందూ అరిచింది. మీ వదిన పేరు పెట్టుకున్న పిల్ల కదా, గొంతు కూడా అదే. ఎదురు చెప్పే అలవాటు నాకు అప్పుడూ లేదు. అప్పటినుంచి నన్ను పని దగ్గరికి రానివ్వడం లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ మురుగన్ పక్కన కుర్చీ వేయించింది. నాకూ ఒక టోపీ, నారింజరంగు కోటు ఇచ్చారు. మురుగన్ అన్నానికి పోతే విజిలు నాకు ఇచ్చి పోతాడు. అలమేలూ, విజిలు ఊదితే లారీ ఆగుతుంది! పెళ్ళాం, కొడుకు, ఎద్దు ఎవరూ నా మాటకు ఆగిన పాపాన పోలేదు. అవసరం లేకపోయినా రెండు మూడు లారీలు ఆపుతుంటాను.

ఇక అసలు సంగతికి వస్తాను. గోపాలు నీకు సగమే చెప్పి ఉంటాడు, అదీ ఏడుపు గొంతుతో.

అరుప్పుకోట్టై సంబంధం గురించి నీకు తెలుసు కదా. పవర్‌లూములున్నవాళ్ళు, మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. పెళ్ళయినా లచ్చీ ఉద్యోగం మానదు అన్న మాట మీదే గోపాలు ఒప్పుకున్నాడు. వాడు ఎన్ని చెప్పినా కూతురికిచ్చిన ఆ మాట మాత్రం తప్పలేదు, అది నేను కాదనను. పిల్లను చూడడానికి వాళ్ళు మన ఇంటికి ఆదివారం వస్తారని, లచ్చీని తీసుకుని రమ్మని నాకు కబురు పెట్టాడు. నేను సంచీ సర్దుకున్నాను. ఊతకర్రకు నూనె కూడా రాశాను.

శనివారం లచ్చీ వచ్చి నా సంచీ చూసి మంచం మీద కూలబడింది. వంతెన పైన కాంక్రీటు పలక పోత ఆదివారానికి పడింది. సిమెంటు లారీలు ఆలస్యంగా వచ్చాయి, మబ్బులు చూస్తే ఇంక ఆగడానికి లేదు. ఒకసారి పోయడం మొదలుపెడితే చివరిదాకా ఆపకూడదట. మధ్యలో ఆపితే పాతదీ కొత్తదీ కలవక అతుకు పడుతుందట. పెళ్ళిచూపులు ఆపొచ్చు, పోత ఆపకూడదు. అదే మాట గోపాలుకి ఫోనులో చెబితే, వాడు నాతో మాట్లాడకుండా వాళ్ళతో మాట్లాడి, "వాళ్ళే అట్లా వొచ్చి చూసిపోతారంట నాయనా, నువ్వు ఉండావు గదా" అన్నాడు. నేను ఉన్నాను. నేను ఎప్పుడూ ఉన్నాను. నా సంచీ కూడా ఉంది.

ఆదివారం తెల్లవారగానే పూజ. నిమ్మకాయలు, కొబ్బరికాయ, కర్పూరం. ఇక్కడ ఒక పద్ధతి ఉంది. పోతకు ముందు పని చోటులో పెద్దవాడు మొదటి తట్ట కాంక్రీటు పోయాలి. మేస్త్రి తట్ట తెచ్చి నా చేతికిచ్చాడు. మన ఇంట్లో మొదటి గుప్పెడు విత్తనం పెద్దవాడు చల్లినట్టే. ఆ తట్ట పట్టుకోగానే నాకు పొలం గుర్తొచ్చింది. నేను లేకుండా మన పొలంలో ఎప్పుడైనా విత్తనం పడిందా? తట్ట లచ్చీ చేతిలో పెట్టాను. మేస్త్రి నసిగాడు, ఆడపిల్లతో మొదలుపెట్టించడం అలవాటు లేదన్నాడు. "నా చెయ్యి జొన్నలకు అలవాటు. దీంట్లో పోస్తే వంతెన మీద జొన్నలు మొలుస్తాయి, నీకిష్టమేనా?" అన్నాను. అందరూ నవ్వారు. లచ్చీ పోసింది.

పోత మొదలైంది, నేను గేటు దగ్గరికి వచ్చేశాను. మురుగన్ అన్నానికి పోయిన వేళకు ఒక కారు వచ్చింది. విజిలు ఊదాను, ఆగింది. దిగినవాళ్ళు ముగ్గురు. జడలో కనకాంబరాలు పెట్టుకున్న ఒక లావాటామె, పంచె కట్టిన పెద్దాయన, వాళ్ళ వెనక చెమట తుడుచుకుంటూ ఒక అబ్బాయి. ఆ చెమట చూడగానే పెళ్ళికొడుకని తెలిసిపోయింది. పెద్దాయన అతని మేనమామ. నా టోపీ, కోటు, విజిలు చూసి, "పెరియవరే, ఇంజనీర్ అమ్మా ఎంగే?" అని, ఇంజనీరమ్మ ఎక్కడని తమిళంలో అడిగాడు. నేనూ తమిళంలోనే, పైన పని చేస్తున్నారు, ఎవరన్నా వచ్చి తీసుకుపోతారు, నిలబడండి అన్నాను. నేనెవరో చెప్పేవాణ్ణే. కానీ విజిలు చేతిలో ఉందే! కాసేపు ఆడించి చెబుదామనుకున్నాను.

మన వాళ్ళకు ఒక తప్పు అలవాటు ఉంది కదా. ఇంటి గడప దాటితే తెలుగు ఎవరికీ రాదనుకుంటాం. బస్సులో పక్కవాడి ముక్కు గురించి వాడి పక్కనే కూర్చుని మాట్లాడుకుంటాం. వీళ్ళూ అంతే. నా ముందే మొదలుపెట్టారు.

"అన్నా, ఆ పైన టోపీ పెట్టుకొని అరస్తా ఉండేది ఆ పిల్లేనా? ఎండలో మాడి బొగ్గయి పోయుంటాదే" అంది తల్లి.

"అయితే ఏమిలే. నాలుగు దినాలు నీడపట్టున కూసుంటే రంగు దానంతట అదే వొస్తాది" అన్నాడు మేనమామ.

"పని మానిపించగూడదని వాళ్ళ నాయన గెట్టిగా అడిగినాడే."

"ఇప్పుటికి సరి అని చెప్పేద్దాం. తాళి పడినాక ఎవురు పంపిస్తారు ఈ దుమ్ములోకి? మన లూముల లెక్కలు చూసుకొని ఇంట్లో ఉండనీ."

అప్పుడు ఆ అబ్బాయి నోరు తెరిచాడు. "మామా, పంపించేది లేదని ముందే చెప్పేస్తే కాదా? పాపం, ఆ పిల్ల నమ్ముకొని ఉంటాది గదా."

"నువ్వు ఊరుకో" అంది తల్లి. "నీకు చెప్పిందే తప్పు. నువ్వే పోయి వాగేస్తావు."

అబ్బాయి మళ్ళీ చెమట తుడుచుకున్నాడు. వాణ్ణి చూస్తే నాకు కోపం రాలేదు. వాడికీ ఒక గేటు ఉంది, విజిలు వాళ్ళమ్మ చేతిలో ఉంది.

అలమేలూ, నీకు అబద్ధం చెప్పను. ఆ మాట వినగానే నాకు మొదట తట్టింది లచ్చీ కాదు, పొలం. నేను నోరు మూసుకుంటే చాలు. సంబంధం ఖాయమవుతుంది, లచ్చీ ఉద్యోగం మానేస్తుంది, వచ్చే నెల ఐప్పసిలో మొదటి వానకు నేను మన గట్టు మీద ఉంటాను. నాకు తెలుగు రాదు, నేను వాచ్‌మన్‌ని. ఎవరు అడుగుతారు? అంతలోనే బస్సు వచ్చి గుంత దగ్గర ఆగింది. "కోవిల్‌పట్టి, కోవిల్‌పట్టి" అని కండక్టరు అరిచాడు. నవ్వొచ్చింది, ఒళ్ళు కూడా మండింది.

నేను వాళ్ళకు మూడు టోపీలు ఇచ్చాను. టోపీ లేకుండా లోపలికి పోకూడదు, అది ఇక్కడి కట్టుబాటు, నేను కల్పించింది కాదు. ఆమె కనకాంబరాల మీద టోపీ పెట్టుకోవడానికి పడిన కష్టం నువ్వు చూసి ఉండాల్సింది. నడిపించుకుని వంతెన కిందికి తీసుకుపోయాను. పైన లచ్చీ బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఎవరినో తమిళంలో తిడుతోంది, కాంక్రీటులో గొట్టం పెట్టి అదిరించేవాడు ఒకచోటే నిలబడిపోయాడట. మా అలికిడి విని కిందికి తొంగి చూసింది. ముఖమంతా సిమెంటు చుక్కలు.

"తాతా, వాళ్ళు వొచ్చినారా? కూసోబెట్టి కాఫీ ఇప్పియ్యి తాతా. పోత ఆపేదానికి లేదు, ఏమీ అనుకోవద్దని చెప్పు" అని మన తెలుగులో అరిచింది.

మేనమామ టోపీ ముక్కు మీదికి జారింది. ఆమె నన్ను చూసింది, నా విజిలును చూసింది, మళ్ళీ నన్ను చూసింది. అబ్బాయి నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు.

నేను పైకి చూసి, "ఔను పాపా, వొచ్చినారు. అన్నీ మాట్లాడుకొనే వొచ్చినారు" అన్నాను.

సిగ్గుపడి కారెక్కుతారనుకున్నాను. ఆమె అట్లాంటిది కాదు. నన్ను పక్కకు పిలిచింది. "విన్నారు గదా పెద్దాయనా, ఇంక దాచేదేముంది. మేము మానిపిస్తాం, నిజమే. మీరు మాత్రం ఏం చేస్తా ఉండారు? పిల్ల మీద నమ్మకం ఉంటే మీరెందుకు ఇక్కడ కావిలి కూసోనుండారు? మేము తాళి పడినాక తాళం వేస్తామంటిమి, మీరు ముందే వేసి పెట్టుకోనుండారు" అంది.

ఇంతమందిని ఆట పట్టించే నోరు నాది, అప్పుడు కాఫీ దాకానే వెళ్ళింది. కాఫీ తాగండమ్మా అన్నాను. తాగారు. పోయేటప్పుడు అబ్బాయి టోపీ తీసి నా చేతికిచ్చి, "తాతా, ఆ పిల్లకు నేను దండం పెట్టినానని చెప్పండి" అన్నాడు. అంతే.

పొద్దు వాలేవేళకు పోత అయింది. లచ్చీ కుళాయి దగ్గర బూట్లు కడుక్కుంటుంటే విన్నదంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. బూటు తిప్పి అడుగు కడుక్కుంటూనే అడిగింది.

"నువ్వెందుకు చెప్పినావు తాతా? ఊరుకోనుంటే విత్తనాలకు ఊరికి పోయుందువు గదా."

చూశావా, దానికి తెలుసు. నేను కిటికీలోంచి బస్సు చూడడం, సంచీ విప్పకపోవడం, అంతా చూస్తూనే ఉంది.

"నూనె పరోటా వదిలిపెట్టి యాడికి పోతాను?" అన్నాను.

"ఎగతాళి వొద్దు. నువ్వు పో తాతా. నేను ఉంటాను. నాకేం భయం?"

"మీ నాయన ఉండనిస్తాడా?"

అది బూట్లు గోడకు ఆనించింది. నీళ్ళు పోతూనే ఉన్నాయి, కుళాయి నేనే కట్టేశాను. దానికి నేను తోడు కాదు, తాళం అని ఆ లావాటామె చెప్పిన మాట నిజం. కానీ తాళం లేచి వెళ్ళిపోతే తలుపు తెరుచుకోదు, తలుపునే పీకేస్తారు. ఇదీ నా చిక్కు.

గోపాలు నా మీద మండిపడుతున్నాడు. మంచి సంబంధం చెడగొట్టానట. నా మాట వాడు వినడు. నేను ఏది చెప్పినా ఎగతాళి అనుకుంటాడు, ఆ తప్పు నాదే అనుకో. మేనత్త మాటంటే మాత్రం వాడికి ఇప్పటికీ భయం. ఈ ఉత్తరం నువ్వే వాడికి చదివి వినిపించు. వాణ్ణి వెక్కిరించినచోట దగ్గి దాటెయ్యి. ఒక్కదాన్నే ఉంటానన్న లచ్చీ మాట మీద దాన్ని ఉండనివ్వమని చెప్పు. ఇక్కడ ఇంకో ఇద్దరు ఆడపిల్లలు ఆఫీసు గదుల్లో ఉంటున్నారు, వాళ్ళకు తాతలు లేరు. ఒక్కరోజులో ఒప్పుకోడు. నువ్వు రోజూ కాస్త కాస్త పొయ్యి, మధ్యలో ఆపకు. వాడు సరేనన్న రోజు నాకు రాయి, విజిలు మురుగన్‌కి ఇచ్చేసి బస్సెక్కుతాను. అప్పటిదాకా నేను కదలను.

అందుకని కొన్ని పనులు చెబుతున్నాను. నా నులకమంచం ఎవరన్నా ఇటు వస్తుంటే పంపు. వంతెన అయ్యేదాకా ఈ ఇనుప మంచం మీద పడుకోలేను. ముసుగు కంబళి కూడా. కొంచెం సద్దపిండి, కోవిల్‌పట్టి వేరుశెనగపప్పు బెల్లం చెక్క. నమిలే పళ్ళు లేవు, చప్పరిస్తాను.

ఇంకొకటి. అటక మీద బూడిద కలిపిన జొన్నల మూట ఉంది, తెలుసు కదా. మొదటి వాన పడగానే నాకోసం ఆగొద్దు. నా తర్వాత పెద్దదానివి నువ్వే. మొదటి గుప్పెడు నువ్వే చల్లు. గోపాలు నసుగుతాడు, ఆడవాళ్ళు మొదలుపెట్టడం ఎక్కడైనా ఉందా అంటాడు. అన్న చెప్పాడని చెప్పు. లచ్చీ పోసిన తట్ట మీద గోనెలు తడిపి పరిచారు, రోజూ చూస్తున్నాను, నిలబడే ఉంది. నీ మోకాళ్ళు నొప్పి పుడితే గట్టు మీదినుంచే విసురు. తూర్పు మూల నించి మొదలుపెట్టు, నేను అక్కడినుంచే. ఎద్దుల చెవిలో నేను బాగున్నానని చెప్పు.

చిన్నమ్మ కాళ్ళకు నా దండం, తిట్టినా సరే దీవెనే అనుకుంటాను. కోడలికి అడిగానని చెప్పు. గోపాలుకి కూడా చెప్పు, కోపంగా ఉన్నా వాడు నా కొడుకే.

ఎక్కడున్నా నీ మేలు కోరే అన్న,
కిట్టప్ప

కవరు అంటించేలోగా బస్సు వచ్చింది. కండక్టరు ఎప్పటిలాగే నా ముఖం మీద అరిచాడు. ఈసారి లేచి వెళ్ళాను. ఎక్కుతున్నాననుకుని చెయ్యి అందించాడు. అందులో ఈ ఉత్తరం పెట్టాను, కోవిల్‌పట్టిలో పోస్టు డబ్బాలో వెయ్యమని చెప్పాను, ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఒక్క నిమిషం వెనక్కి తీసుకున్నాను. ఉత్తరానికి టిక్కెట్టు లేదట.